మన పాత స్పీకర్ల సంఘం, తిరుపతి: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది మనం పెట్టుకున్న నియమం, అందుకే రాస్తున్నాను. కానీ ఈ ఏడాది కొద్దిమంది పడ్డ కష్టం మిగతావాళ్ళకు తెలియాలన్న కోరిక కూడా నాకు గట్టిగా ఉంది. సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలిసిందే కాబట్టి నేరుగా పనుల్లోకి వెళ్తాను.

ముందు ధన్యవాదాలు. బైరాగిపట్టెడలో తమ మేడ మీది హాలును అద్దె లేకుండా ఇచ్చిన సభ్యునికి, ఆకాశవాణిలో ఇంజనీరుగా చేసి రిటైరై, మీటరు పట్టుకుని ప్రతి ఆదివారం వచ్చిన పెద్దాయనకు, కొర్లగుంటలో వెల్డింగ్ షాపు నడుపుతూ చక్రాల బల్ల చేసి ఇచ్చిన తమ్ముడికి, చెన్నై రిచీ స్ట్రీట్‌కు తెల్లవారుజాము బస్సులో వెళ్ళి కెపాసిటర్లు ఏరుకొచ్చిన ఇద్దరికి, రిపేరు శిబిరం జరిగినన్నాళ్ళూ పులిహోర, దద్దోజనం పంపిన ఇళ్ళవాళ్ళకు, తమ అపురూపమైన స్పీకర్లను మన చేతుల్లో పెట్టిన నలుగురు యజమానులకు సంఘం రుణపడి ఉంది. ఎవరి పేరైనా తప్పిపోతే సమావేశంలో లేచి చెప్పండి, మినిట్స్‌లో రాయిస్తాను.

ఇక రిపేరు శిబిరం. ఈసారి వచ్చిన బాక్సుల్లో ఎక్కువ వాటికి ఒకటే జబ్బు: ఊఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) చుట్టూ ఉండే ఫోమ్ అంచు పొడి అయిపోవడం. ఆ పాలీయురేథేన్ ఫోమ్ వాడినా వాడకపోయినా గాలికి, తేమకు పదిహేను ఇరవై ఏళ్ళలో పాడవుతుంది, వేలితో తాకితే రాలుతుంది. మన ఎండలు, నవంబరు వానలు కలిస్తే ఇక చెప్పేదేముంది. అదే గుడ్డ అంచో రబ్బరు అంచో ఉన్నవి ఇంకా గట్టిగానే ఉన్నాయి. ముందుకూ వెనక్కూ కదిలే గరాటులాంటి కోన్‌కు అంటుకున్న పాత జిగురు గీకి, మధ్యలో ఉండే మూత కోసి, దాన్ని కదిపే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్ చుట్టూ సన్నటి ప్లాస్టిక్ ముక్కలు దోపి, కాయిల్ ఎక్కడా రాసుకోకుండా కొత్త రింగు అతికించడం ఓపిక ఉన్నవాళ్ళు చేసే పని, అందరి చేతా కాదు. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తగిలిస్తే కోన్ ముందుకు వస్తోందా వెనక్కి పోతోందా చూసి, ప్లస్ మైనస్ సరిచూడటం మాత్రం ఇప్పుడు సంఘంలో చాలామందికి వచ్చింది. 2021 నవంబరు వరదల్లో తడిసి ఉబ్బిపోయిన పార్టికల్ బోర్డు బాక్సులు కూడా కొన్ని వచ్చాయి. వాటి డ్రైవర్లు (శబ్దం చేసే లోపలి యూనిట్లు) తీసి దాచాము, పెట్టెలు మాత్రం బాగుపడేవి కావు.

బేస్‌ను ఊఫర్‌కు, పై స్వరాలను ట్వీటర్‌కు పంచే క్రాసోవర్‌లోని పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్చాలా వద్దా అని శిబిరంలో పెద్ద వాదనే జరిగింది. మారిస్తే అది పాత స్పీకర్ ఎలా అవుతుందని కొందరు అడిగారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎండిపోయిన కెపాసిటర్‌తో వినిపించేది స్పీకర్‌కు పట్టిన ముసలితనం, దాన్ని తయారుచేసినవాళ్ళు మనకు వినిపించాలనుకున్న శబ్దం అది కానే కాదు. అయితే ఎలక్ట్రోలిటిక్ తీసి పాలీప్రొపిలీన్ కెపాసిటర్ వేస్తే దాని అంతర్గత నిరోధం తక్కువ కాబట్టి ట్వీటర్ కాస్త ఎక్కువ పలుకుతుంది, అందుకని దానితో సిరీస్‌లో చిన్న రెసిస్టర్ వేసి పాత లెక్కకు తేవాలి. మన పెద్దాయన ప్రతి జతకూ కొలిచి మరీ అలా చేశారు.

ఇప్పుడు ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన విషయానికి వస్తాను. తెర వెనక స్పీకర్లు పెట్టి, ఏది ఏదో తెలియకుండా విని మార్కులు వేసే సభ జరిపాము. ఇంతకాలం మన సమావేశాల్లో పోలిక అంటే ఒకరింట్లో ఒక జత, ఇంకొకరింట్లో ఇంకో జత విని, నెల తర్వాత టీ దగ్గర వాదించుకోవడమే కదా. కెనడా జాతీయ పరిశోధన మండలిలో శబ్ద పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ 1980లలోనే చూపించింది ఏమిటంటే, కళ్ళకు కనబడకుండా, ఒకే స్థాయి శబ్దంతో వినిపిస్తే చెవులు బాగున్న జనం అభిప్రాయాలు ఆశ్చర్యంగా దగ్గరకు వస్తాయని. జతగా కాకుండా ఒక్క స్పీకర్‌నే వింటే తేడాలు ఇంకా తేలిగ్గా పట్టుబడతాయని కూడా ఆయనే చూపించారు. మనం ఆ పద్ధతినే పాటించాము.

పెట్టిన జతలు నాలుగు. ఇంగ్లండులో చదువుకుని వచ్చిన ఫిజిక్స్ సార్‌ది రోజర్స్ వాళ్ళ ఎల్‌ఎస్3/5ఎ, బీబీసీ తన అవుట్‌సైడ్ బ్రాడ్‌కాస్ట్ వ్యానుల్లో వినడానికి 1970లలో రూపొందించిన చిన్న పెట్టె, లోపల చోటు ఐదు లీటర్లే. కూతురు అమెరికా నుంచి పంపిన లార్జ్ అడ్వెంట్ ఒకరిది, అమెరికా స్పీకర్ల రూపకర్త హెన్రీ క్లాస్ 1970 ప్రాంతంలో తెచ్చిన మోడల్, దాని ఫోమ్ మన శిబిరంలోనే మార్చింది. రాయచోటి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ అన్న కువైట్‌లో కొన్న సాన్సుయ్, ముందు చెక్క జాలీ, లోపల పెద్ద ఊఫర్ ఉన్నది. నాలుగోది కలకత్తా సోనోడైన్ వాళ్ళ 1980ల నాటి జత, చాలా ఏళ్ళు పరుపుల కింద నలిగింది.

అసలు కష్టమంతా శబ్దాన్ని సమానం చేయడంలో ఉంది. అన్నిటికీ ఒకే పవర్ ఇస్తే సాన్సుయ్ ఎంతో గట్టిగా పలుకుతుంది, బీబీసీ పెట్టె నీరసంగా ఉంటుంది. పది డెసిబెళ్ళ తేడా ఉంటే రెండోదానికి పది రెట్లు పవర్ ఇవ్వాలి. ఒక డెసిబెల్ ఎక్కువున్నా వినేవాడు గట్టిదాన్నే బాగుందంటాడు, అంగట్లో స్పీకర్లు అమ్మేవాళ్ళకు ఈ రహస్యం ఎప్పటినుంచో తెలుసు. పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన హోరు) పెట్టి, కూర్చునే కుర్చీ దగ్గర మీటరుతో కొలిచి, ప్రతిదానికీ వాల్యూమ్ గుర్తు పెట్టుకున్నాము. చక్రాల బల్ల మీద జతకొకటి చొప్పున నాలుగూ పెట్టి, ఏది మోగాలో దాన్ని ఒకే చోటుకు తోసేవాళ్ళు. గోడకు, మూలకు దూరం మారితే బేస్ మారిపోతుంది కాబట్టి ఇది తప్పనిసరి. ముందు పలచటి మల్లు గుడ్డ తెర. పేర్లకు బదులు క, ఖ, గ, ఘ.

వినిపించినవి ఒక సంస్కృత స్తోత్రాల ఎల్పీలో గొంతు, ఒక నాదస్వరం రికార్డు, మృదంగం తని (ఒంటరిగా వాయించే భాగం), ఒక పాత సినిమా పాట, కాసేపు మాటలు. మాటలు ఎందుకని కొందరు విసుక్కున్నారు గానీ మనిషి గొంతు ఎలా ఉంటుందో మనందరికీ పుట్టినప్పటి నుంచి తెలుసు, రంగు మారితే వెంటనే పట్టేస్తాం.

మొదట తెర లేకుండా ఒక విడత విన్నప్పుడు సభలో ఎక్కువమంది సాన్సుయ్‌కే ఓటేశారు. పెద్ద పెట్టె, అందమైన జాలీ, చూస్తేనే సౌండ్ వచ్చేలా ఉంటుంది. తెర వేశాక లెక్క తిరగబడింది. గొంతుకు, మాటలకు బీబీసీ పెట్టె ముందుకొచ్చింది, మనిషి ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు ఉందని వేర్వేరు వరుసల్లో కూర్చున్నవాళ్ళు ఒకే మాట రాశారు. మృదంగం తొప్పి (బేస్ పలికే ఎడమ వైపు) పలికేటప్పుడు మాత్రం అది చేతులెత్తేసింది, అంత చిన్న పెట్టెలో అంతకన్నా ఆశించకూడదు. అక్కడ అడ్వెంట్‌దే పైచేయి. మూసిన పెట్టెలో బిగిసిన గాలే స్ప్రింగులా పనిచేయాలన్న ఎడ్గర్ విల్చర్ ఆలోచన 1954లో ఏఆర్-1 అనే స్పీకర్‌తో మార్కెట్లోకి వచ్చింది, దాన్నే క్లాస్ తక్కువ ధరకు జనం ఇళ్ళకు చేర్చారు, ఆ తొప్పి దెబ్బ గుండ్రంగా, ఊగిసలాట లేకుండా వచ్చి ఆగింది. సాన్సుయ్ నాదస్వరం మీద కరుకుగా అరిచింది, కానీ సినిమా పాటకు దాని ఊపు దానిదే, అది ఇష్టపడ్డవాళ్ళను నేను తప్పుపట్టను. నన్ను అన్నిటికన్నా సంతోషపెట్టింది ఘ. తెర తీసి అది సోనోడైన్ అని చూపిస్తే హాలంతా చప్పట్లు. మన దేశపు పెట్టె అని తక్కువగా చూసినవాళ్ళు అప్పటికే దానికి మంచి మార్కులు వేసేసి ఉన్నారు.

ఇంకో మాట. రిహార్సల్ రోజు ఖ లో ఏదో మందంగా ఉందని మొదట పట్టుకున్నది మహిళా విశ్వవిద్యాలయంలో చదువుతున్న మన సభ్యుడి కూతురు. మా వయసు చెవులకు పై స్వరాలు ఎప్పుడో తగ్గిపోయాయి. విప్పి చూస్తే కెపాసిటర్ ఒకటి పోయింది. ఆ అమ్మాయికి సంఘం తరఫున విద్యార్థి సభ్యత్వం ఉచితంగా ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాను.

ఇప్పుడు బాధగా చెప్పాల్సినవి. సభకు ముందురోజు బరువులు మోయడానికి వస్తామని వాట్సాప్‌లో బొటనవేలు చూపించినవాళ్ళలో వచ్చింది చాలా తక్కువమంది. అడ్వెంట్లను మేడ మెట్లు ఎక్కించింది అరవై దాటినవాళ్ళు. మర్నాడు భోజనం వేళకు మాత్రం హాలు నిండింది. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఒక ప్రభుత్వ హాలు కోసం అర్జీ పెట్టుకుంటే ఆ కార్యాలయంవాళ్ళు ఇది మైకుల సభా, పర్మిషన్ ఎక్కడిదని తిప్పి తిప్పి, చివరికి జవాబే ఇవ్వలేదు. ఇళ్ళల్లో వినే స్పీకర్లను నెమ్మదిగా పోల్చుకుంటామని ఎన్నిసార్లు చెప్పినా ఫైలు కదల్లేదు. సభ మధ్యలో కరెంటు పోయిన టెన్షన్ సరేసరి, ఆ వీధి చివరి జిరాక్స్ షాపాయన జనరేటర్ ఇవ్వకపోతే నాదస్వరం సగంలో ఆగేది.

జమాఖర్చుల పట్టిక దీనికి జతచేశాను. ఆడిటర్‌గా ఉన్న సభ్యుడు చూసి సంతకం చేశారు. చందాలు, విరాళాలతో ఖర్చులు గడిచాయి, కొద్దిగా మిగిలింది, అది కెపాసిటర్లకే పోతుంది. చందా బాకీ ఉన్నవాళ్ళ పేర్లు చదవను, మీకే తెలుసు.

వచ్చే ఏడాది చిత్తూరు సభ్యులు తమ ఊళ్ళో ఇలాంటి సభ పెట్టమంటున్నారు. చక్రాల బల్ల లారీలో పంపగలం, కానీ మోసే మనుషులు అక్కడివాళ్ళే పది రోజుల ముందు పేర్లు రాసివ్వాలి, లేకపోతే నేను ఒప్పుకోను. పోలికల్లో ఈసారి బాకా ఆకారపు హారన్ స్పీకర్లు కూడా ఉండాలని కోరిక, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

సంఘం ఎల్పీలు ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు సమావేశానికి వచ్చేటప్పుడు వెనక్కి తీసుకురండి, నిలబెట్టి, అట్టలు తడవకుండా. నాదస్వరం రికార్డు ఎవరి దగ్గరుందో ఇంకా తేలలేదు.

మీ
కార్యదర్శి