సిస్టర్ గారూ, మీకు దండం

నిన్న సాయంత్రం పాపను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. వారం రోజులుగా నిద్ర లేదు, అయినా ఇది రాయకుండా పడుకోలేను.

ఏడు నెలల్లో 51 కిలోల పిల్ల 38కి వచ్చింది. వాంతులు, నీరసం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం. సన్నబడాలని తిండి మానేస్తోంది, ఈటింగ్ డిజార్డర్ అని మొదటి డాక్టరు రాశారు. తర్వాతి ముగ్గురూ ఆ ఫైలే చదివారు, పిల్లను చూడలేదు. "తినాలనే ఉందమ్మా, లోపలికి పోవట్లేదు" అని అది ఏడుస్తుంటే నేనూ నమ్మలేదు. కంచం ముందు కూర్చోబెట్టి తిట్టాను.

పోయిన సోమవారం రాత్రి స్పృహ తప్పింది. ఎమర్జెన్సీలో బీపీ 80/50. సెలైన్ పెట్టడానికి నరం దొరక్క ఆ సిస్టర్ పాప చెయ్యి తిప్పి చూస్తూ ఆగిపోయారు. అరచేతి గీతలు కాటుకతో గీసినట్టున్నాయి. ఫోన్ లైటు వేసి చూస్తే చిగుళ్ళ మీదా నల్ల మచ్చలే. "అమ్మా, పాప ఉప్పు బాగా తింటుందా?" అని అడిగారు. నా గుండె ఝల్లుమంది. మజ్జిగలో చెంచాడు ఉప్పు వేసుకునేది, ఆవకాయ ఊట వేలితో నాకేసేది. నేనెవరికీ చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు.

ఆవిడే వెళ్ళి డ్యూటీ డాక్టరు గారిని లేపుకొచ్చారు. రక్తంలో సోడియం బాగా తగ్గి 119, పొటాషియం పెరిగి 6.1. ఉత్త వాంతులైతే పొటాషియం తగ్గాలట, పెరగకూడదట. తిండి మానేసిన వాళ్ళలో కార్టిసాల్ అనే హార్మోన్ మామూలుగానో ఎక్కువగానో ఉంటుందట, మా పాపకు దాదాపు లేనే లేదు. అడిసన్స్ జబ్బు. ఆ హార్మోన్ తయారుచేసే, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు పనిచేయడం లేదు. ఆ నలుపూ, ఉప్పు యావా దాని గుర్తులేనట. ఆ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ 100 మిల్లీగ్రాములు పడ్డాక, తెల్లారేసరికి "అమ్మా, ఇడ్లీ" అంది.

డ్యూటీ దిగిపోయిన సిస్టర్ తన డబ్బాలోంచి ఇడ్లీ తుంచి పాప నోట్లో పెట్టారు. నా చేతులు వణుకుతున్నాయి మరి. దండం పెట్టబోతే "ముందు మీరో ముద్ద తినండి" అంటూ నా నోటికీ అందించారు. అక్కడే వార్డులో బావురుమన్నాను.

సోడియం, పొటాషియం చాలా మామూలు రక్త పరీక్షలు. ఏడు నెలల్లో ఒక్కరూ రాయలేదు. కౌన్సెలింగ్ ఫీజు మాత్రం వారం వారం కట్టాం. ఈటింగ్ డిజార్డరూ ప్రాణం తీసే జబ్బే, కాదనను. కానీ ఆ పేరు పెట్టేముందు పిల్ల చెయ్యి పట్టుకుని చూడొద్దా?

దండం పెట్టాల్సిన వాళ్ళలో మా ఆయన, అత్తయ్య, తమ్ముడు ఎలాగూ ఉన్నారు.

అయ్యో, ఏసీటీహెచ్ (అడ్రినల్ గ్రంథులను పనిచేయించే హార్మోన్) పరీక్షకు రక్తం శాంపిల్ ఐసులో పెట్టుకుని పరుగెత్తిన ల్యాబ్ అబ్బాయిని మర్చిపోయాను. ఆ రాత్రి డబ్బులు తీసుకోని ఆటో అన్నను కూడా. పక్క బెడ్ పెద్దమ్మా, మీ దుప్పటి మా సామాన్లలో వచ్చేసింది. ఉతికి ఆరేశాను, ఆదివారం తెచ్చిస్తాం.