పార్కిన్సన్స్ అంటే వణుకు ఒక్కటే కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఏప్రిల్ 11 పార్కిన్సన్స్ దినం సందర్భంగా మీరు వేసిన వ్యాసంలో వణుకు, నడక, మాట తడబడటం అన్నీ ఉన్నాయి. ఆలోచన తీరు ఎలా దెబ్బతింటుందో ఒక్క ముక్క లేదు. ఇళ్లలో ఈ జబ్బు మనుషులు మాటలు పడేది మాత్రం దానివల్లే.

ఈ జబ్బున్న మా నాన్నగారు తెనాలి చుట్టుపక్కల పెళ్లిళ్లకు వంటమేస్త్రి. ఐదు వందల విస్తళ్ల భోజనమైనా ఏ పొయ్యి మీద ముందు ఏది ఎక్కాలో, పులిహోర అన్నం ఆరేలోపు ఎవరేం తరగాలో అంతా ఆయన బుర్రలోనే నడిచేది. ఇప్పటికీ వందమందికి కందిపప్పు ఎంత కావాలంటే టక్కున చెబుతారు. కానీ ఇంట్లో నలుగురికి వండాలంటే పప్పు కడిగి అలాగే నిలబడిపోతారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఎక్కడ ఆపారో అందదు. పక్కనుండి ఒక్కొక్కటీ చెబుతుంటే చక్కగా చేస్తారు. చుట్టాలు బద్ధకమన్నారు, మతిమరుపన్నారు. రెండూ కావు.

పనిని మొదలుపెట్టడం, వరుసలో పెట్టుకోవడం, అవసరమైతే మార్చుకోవడం, వీటినే డాక్టర్లు ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారు. వీటికీ డోపమిన్ కావాలి, అంటే మెదడులో కబుర్లు మోసే, ఈ జబ్బులో తగ్గిపోయే రసాయనం. 1979లో అమెరికాలో కోతులకు ఒక పరీక్ష పెట్టారు. కిందటిసారి ఎటువైపు నుంచి తిండి తీశాయో గుర్తుంచుకుని ఈసారి రెండోవైపు తీయాలి. నుదుటి వెనకుండే మెదడు భాగంలో డోపమిన్ తగ్గించేసరికి, ఆ భాగాన్నే కోసేసినంతగా తప్పాయి. మెదడులో డోపమిన్‌గా మారే ఎల్‌-డోపా అనే మందు ఇస్తే తేరుకున్నాయి. 1817లో ఈ జబ్బును వర్ణించిన జేమ్స్ పార్కిన్సన్ తెలివికి దెబ్బ తగలదని రాశారు. అది సరికాదని తేలి ఎన్నాళ్లో అయినా మన వ్యాసాలు ఇంకా అక్కడే ఆగాయి.

మందుల సంగతీ రాయండి. డోపమిన్‌లా పనిచేసే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు కొందరికి జూదం మీద, కొనుగోళ్ల మీద అదుపు తప్పిస్తాయి. మేం చూపించుకున్నచోట ఈ మాట ఎవరూ చెప్పలేదు. నాన్నగారు అరువు మీద గుండిగలు కొనుక్కొస్తుంటే పాత వృత్తి మీద మమకారం అనుకున్నాం. మాత్ర మార్చాకే అది తగ్గింది. ఇలాంటిది కనబడితే సొంతంగా మందు ఆపకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి.

డాక్టర్లకూ నా మనవి ఒకటి. చేతులు ముడిచి తెరవమని చూసే రెండు నిమిషాల్లోనే ఇంటివాళ్లను కూడా అడగండి: ఈయన పని మొదలుపెట్టగలుగుతున్నారా, డబ్బు ఎలా ఖర్చు పెడుతున్నారు అని.

ఒక పాఠకురాలు, తెనాలి