సాయంత్రం నాలుగు గంటల ఆకలి

మన బడి వార్తాలేఖ, డిసెంబర్ సంచిక

మన పిల్లల అమ్మానాన్నలకు, వాళ్ళని కంటికి రెప్పలా చూసుకుంటున్న అమ్మమ్మలకు, నాయనమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

ఈ నెల పరీక్షల గురించి రాయడం లేదు. ఆ వివరాలు పిల్లల డైరీల్లో రాయించాం. ఈ ఉత్తరం సాయంత్రం నాలుగు గంటల గురించి.

రెండు వారాలుగా రోజూ లాంగ్ బెల్ కొట్టే వేళకి నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. పిల్లలు పన్నెండున్నర ప్రాంతంలో అన్నం తింటారు. నాలుగయ్యేసరికి అదంతా అరిగిపోతుంది. ఎదిగే వయసు, కడుపు ఖాళీ, జేబులో పొద్దున మీరిచ్చిన పది రూపాయలు. గేటు దాటగానే కొట్టు ముందు రంగురంగుల పాకెట్లు దండల్లా వేలాడుతుంటాయి. ఆ సమయంలో ఏ పిల్లా, ఏ పిల్లవాడూ ఇది మంచిదా కాదా అని ఆలోచించరు. ఆకలి ఆలోచించనివ్వదు. సైన్స్ టీచర్ ఎంత బాగా పాఠం చెప్పినా, గోడకి ఎన్ని చార్టులు అంటించినా అక్కడ గుర్తుకు రావు. పిల్లలు మంచి తిండి ఎంచుకోవాలంటే ముందు ఆ ఆకలి గేటు దాకా రాకూడదు. నాకు అర్థమైంది ఇదే.

అందుకే ఈ నెల నుంచి మూడున్నరకి పది నిమిషాలు విరామం ఇస్తున్నాం. ఇంటి నుంచి తెచ్చుకున్నది ఆ పది నిమిషాల్లో చెట్టు కింద కూర్చుని తింటారు, నీళ్ళు తాగుతారు, ఆ తర్వాత ఆటల పీరియడ్. మీరు చేయాల్సింది పొద్దున బ్యాగులో ఒక చిన్న డబ్బా పెట్టడం.

ఏం పెట్టాలి అని చాలామంది అడుగుతున్నారు. ఏడో తరగతి పిల్లవాడి అమ్మమ్మ గారు పోయిన వారం నా దగ్గరకి వచ్చారు. వాడి తల్లి కువైట్‌లో పనిచేస్తోంది. మన కోనసీమలో అలాంటి ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు. "తల్లి దగ్గర లేని పిల్లాడమ్మా, అడిగింది కొనివ్వకపోతే నాకు ముద్ద దిగదు" అన్నారావిడ. ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. కాసేపటికి, మీ చిన్నప్పుడు సాయంత్రం ఏం తినేవారండీ అని అడిగాను. ఇక ఆవిడ చెప్పుకుంటూ పోయారు. ఉలవ గుగ్గిళ్ళు, ఉడకబెట్టిన చిలగడదుంపలు, కొబ్బరి ముక్కా బెల్లం ముక్కా, దొడ్లో జామకాయలు, ఈ కాలంలో అయితే తేగలు.

మర్నాడు ఆ పిల్లవాడు కాల్చిన తేగలు తెచ్చాడు. చుట్టూ ఆరుగురు మూగారు. తేగ చీల్చగానే మధ్యలో ఉండే లేత మొలక, అదే చందమామ, నాకంటే నాకని చేతులు చాపారు. వాళ్ళలో రోజూ చిప్స్ తినేవాళ్ళు కూడా ఉన్నారు. మంచి తిండి పిల్లలకి నచ్చదని మనం ఊరికే అనుకుంటున్నాం. వాళ్ళ కంటికి, చేతికి అందడం లేదు, అంతే.

కాబట్టి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. రావులపాలెం మార్కెట్ మన పక్కనే ఉంది, అరటిపళ్ళకి కొదవ లేదు. ఉడకబెట్టిన వేరుశనగకాయలు, శనగలు, బొబ్బర్లు, మరమరాల్లో పుట్నాలు, ఉల్లిపాయ కలిపి నిమ్మకాయ పిండినవి, పల్లీ ఉండ, నువ్వుల ఉండ, ఇంట్లో ఏది ఉంటే అది. ముందు రోజు సాయంత్రం "రేపు శనగలా, జామకాయా?" అని పిల్లల్నే అడగండి. వాళ్ళు చెప్పిందే పెట్టండి. తను ఎంచుకున్న డబ్బాని ఏ పిల్లా తినకుండా ఇంటికి తిరిగి తీసుకురాదు. వేరుశనగ పడని పిల్లలు ఎవరైనా ఉంటే మాత్రం క్లాసు టీచర్‌కి ముందే చెప్పండి, పక్కవాళ్ళ డబ్బాలోంచి తినకుండా చూసుకుంటాం.

బడిలో పెట్టేది కూడా పిల్లలు తినేలా మీరు ఒక మాట చెప్పాలి. వారంలో కొన్ని రోజులు పొద్దున రాగిజావ ఇస్తున్నాం, కొన్ని రోజులు చిక్కీ. భోజనంలో గుడ్డు ఉంటుంది. రాగిజావ రంగు బాగోలేదని కొందరు పారబోస్తున్నారు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది. అదే బియ్యంలో అయితే పదికి అటూఇటూ. ఎముకలు గట్టిపడే వయసులో అది నేలపాలవుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటోంది. మన లంకల గన్నవరంలో ఏ వేళప్పుడు ఎవరు వచ్చినా అన్నం పెట్టి పంపిన డొక్కా సీతమ్మ గారి పేరు మీద నడుస్తున్న భోజనం ఇది.

ఎనిమిదో తరగతి లెక్కలు నేనే చెబుతాను. పోయిన వారం శాతాల పాఠానికి ఖాళీ పాకెట్లు, సీసాలు తెమ్మన్నాను. పిల్లలే వెనక్కి తిప్పి చదివారు. పాకెట్ మీద ఏ పదార్థం ముందు రాసి ఉంటే అది బరువులో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నట్టు, అది రూలు. చిప్స్ బరువులో దాదాపు మూడో వంతు నూనే అని లెక్క తేలింది. చాలా కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకి పది, పదకొండు గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే 250 మిల్లీలీటర్ల సీసా తాగితే పాతిక గ్రాములకి పైనే. పైనుంచి కలిపే చక్కెర రోజు మొత్తం మీద పాతిక గ్రాములు దాటకపోతే పెద్దవాళ్ళకైనా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ల్యాబ్ త్రాసులో పాతిక గ్రాములు తూచి కాగితం మీద పోశాం. ఆరు చెంచాలు. క్లాసు కాసేపు మాట్లాడలేదు. నేను తాగవద్దని చెప్పలేదు, లెక్క వాళ్ళే చేశారు. ఈసారి ఇంట్లోకి ఏదైనా పాకెట్ వస్తే వెనక రాసింది మీ పిల్లల చేత చదివించుకోండి.

ఆడపిల్లల గురించి కాస్త వివరంగా చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. క్లాసులో కళ్ళు మూసుకుపోవడం, రెండు మెట్లెక్కితే ఆయాసం, చదివింది తలకెక్కకపోవడం, వీటిని మనం బద్ధకం అనేస్తాం. చాలాసార్లు అది రక్తం తక్కువ కావడమే. వారానికోసారి బడిలో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అందుకోసమే, అది మానొద్దు. సాయంత్రం ఇంటికి రాగానే టీ, బిస్కెట్లు ఇచ్చే అలవాటు ఉంటే దయచేసి మార్చండి. తిండిలోని ఇనుముని టీ ఒంటికి పట్టనివ్వదు. జామకాయ, ఉసిరికాయ, నిమ్మకాయ పట్టేలా చేస్తాయి. మరమరాలు, పుట్నాల్లో నిమ్మకాయ పిండమని పైన రాసింది రుచి కోసమే కాదు.

ఇక ఆటలు. ముందు నా వైపు తప్పు చెబుతాను. పదో తరగతి పిల్లల ఆటల పీరియడ్ తీసుకుని లెక్కలు చెప్పిన టీచర్లలో నేనూ ఉన్నాను. మార్కులు తగ్గుతాయేమో అని టెన్షన్. అది సరైన పని కాదు. ఈ సంవత్సరం ఏ క్లాసు ఆటల పీరియడూ, ఏ కారణానికీ వేరే పాఠానికి ఇవ్వబోం.

ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకి రోజుకి సగటున అరవై నిమిషాలు, గుండె వేగంగా కొట్టుకునేంత ఆట ఉండాలి. బడిలో ఇచ్చేది దానికి సరిపోదు. నాలుగున్నరకల్లా ట్యూషన్ ఆటో గేటు ముందు ఆగుతోంది. పొద్దున తొమ్మిది నుంచి బెంచీ మీద కూర్చున్న పిల్ల మళ్ళీ వెళ్ళి చాప మీద కూర్చుంటోంది. ట్యూషన్ మాన్పించమని అనడం లేదు. ఆరింటికి మార్చగలరేమో మాట్లాడి చూడండి. ఐదున్నర వరకు మన గ్రౌండ్ తెరిచే ఉంటుంది, పీఈటీ సార్ ఉంటారు. కబడ్డీ, ఖోఖో టీముల్లో ఎంపికైన వాళ్ళ కోసమే కాదు. ఏడు పెంకులాట, తాడాట, తొక్కుడుబిళ్ళ, ఊరికే పరుగెత్తడం, ఏదైనా సరే. ఎనిమిదో తరగతికి రాగానే ఆడపిల్లలు గట్టు మీద కూర్చుని చూడటం మొదలుపెడుతున్నారు. "పెద్దదానివయ్యావు, ఆ గెంతులేమిటి" అనే మాట ఏ ఇంట్లోనూ వినపడకూడదని ప్రాధేయపడుతున్నాను. తాడాట లాంటి ఎగిరే ఆటలకి ఎముకలు బలపడతాయి, ఆ బలం అమ్మాయిలకి ముందుముందు చాలా అవసరం.

ఇంకో మాట. లావుగా ఉన్న పిల్లని, బక్కగా ఉన్న పిల్లవాణ్ణి చుట్టాల ముందు ఆ పేరుతో పిలవకండి. అలా పిలిపించుకున్న పిల్లలు గ్రౌండ్‌లోకి రావడానికే సిగ్గుపడుతున్నారు. ఒకమ్మాయి రెండు నెలలు కడుపునొప్పి అని చెప్పి క్లాసులోనే ఉండిపోయింది. అసలు సంగతి తర్వాత తెలిసింది.

గేటు పక్క కొట్టాయనతో మాట్లాడాను. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న సరుకు బడి గేటుకి 50 మీటర్ల లోపు పిల్లలకి అమ్మకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. కానీ ఆయన పిల్లలు కూడా మన బడిలోనే చదువుతున్నారు, ఆ కొట్టే వాళ్ళకి ఆధారం. ఫిర్యాదు చేసేకన్నా కూర్చుని మాట్లాడటమే నాకు మంచిదనిపించింది. సోమవారం నుంచి పాకెట్ల దండలు తీసేసి, ముందు అరటిగెల, ఉడకబెట్టిన వేరుశనగకాయలు పెడతానన్నారు. పిల్లలకి డబ్బులు ఇచ్చే రోజున అక్కడ అవే కొనుక్కోమని చెప్పండి. ఆయన వ్యాపారం దెబ్బతినకూడదు.

పుట్టినరోజులకి క్లాసులో చాక్లెట్లు పంచే బదులు అత్తం అరటిపళ్ళు గానీ, ఒక తాడాట తాడు గానీ ఇస్తే క్లాసంతా వాడుకుంటుంది.

ఈ శనివారం సాయంత్రం నాలుగు గంటలకి గ్రౌండ్‌లో పెద్దవాళ్ళకీ పిల్లలకీ కలిపి ఆటలు పెడుతున్నాం. తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసి నేర్పడానికి ఇద్దరు అమ్మమ్మలు ఒప్పుకున్నారు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి చెట్టు కింద కుర్చీలు వేయిస్తాం. వచ్చేటప్పుడు మీ ఇంట్లో చేసిన చిరుతిండి ఏదైనా ఒక గిన్నెలో తీసుకురండి. గిన్నె మీద పేరు రాయడం మర్చిపోకండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు