ఎర్ర షెవెల్ బ్రేకుల సంగతి, అదే కిట్ వేయించుకున్న ముగ్గురి కోసం కూడా

అందరికీ నమస్కారమండీ, షెడ్డు నుంచి రాస్తున్నా. మామూలుగా పండక్కి సెలవు ఉంటేనో రేట్లు మారితేనో మెసేజ్ పెడతా తప్ప ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. కానీ రెండు నెలల నుంచి వచ్చినవాళ్ళందరూ లిఫ్ట్ మీదున్న ఆ ఎర్ర షెవెల్‌ని (పాత షెవర్లే కారు) చూసి ఇంకా అవ్వలేదా అని అడుగుతున్నారు, నేను పార్ట్ రావాలండీ అని చెప్పి ఊరుకుంటున్నా. అది సగమే. మిగతా సగం కూడా మీకు తెలియాలి, ఎందుకంటే మీలో ముగ్గురి బండ్లకి నేను అదే కంపెనీ డిస్కు బ్రేకుల కిట్ వేశాను. ఇద్దరికి ఫోన్ చేసి చెప్పేశా. మూడో ఆయన డాలస్ వదిలి ఆస్టిన్ వెళ్ళిపోయారు, నా దగ్గరున్న నంబరు పనిచేయట్లేదు. ఎవరికైనా ఆయన తెలిస్తే దయచేసి ఇది పంపించండి.

బండి 1966 షెవెల్ ఎస్ఎస్ 396. ఆరున్నర లీటర్ల ఇంజను, 325 హార్స్‌పవర్, బరువు దాదాపు 1700 కిలోలు, దాన్ని ఆపడానికి నాలుగు చక్రాలకీ తొమ్మిదిన్నర అంగుళాల డ్రమ్ములు, అంటే చక్రంతో తిరిగే గిన్నెలు, లోపలి నుంచి షూలు వాటికి ఒత్తుకుని ఆపుతాయి. ఒక్కసారి గట్టిగా ఆపితే బాగానే ఆగుతుంది, వెంటవెంటనే మూడుసార్లు ఆపితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి షూలకి దూరమైపోతుంది, పెడల్ కిందకి పోతుంది, బండి మాత్రం ముందుకే పోతుంది. పైగా ఆ ఏడాది మోడల్‌కి మాస్టర్ సిలిండర్‌లో, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే భాగంలో, ఆయిల్‌కి ఒక్కటే గది, ఎక్కడ ఒక్క పైపు లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు ఉండదు. రెండు గదులది 1967 మోడల్ నుంచి వచ్చింది. అందుకని ఓనరు అన్నయ్య ముందు డిస్కులు (రెండు పక్కల నుంచి ప్యాడ్లు పట్టి ఆపే పళ్ళేలు), వెనక డ్రమ్ములు, బూస్టరు (పెడల్ తొక్కే బలాన్ని పెంచేది), రెండు గదుల మాస్టరు, మొత్తం మార్చేయమన్నారు. వాళ్ళబ్బాయి హైస్కూల్ గ్రాడ్యుయేషన్ మే నెలాఖరున, ఆ బండిలోనే తీసుకెళ్ళాలని ఆయన కోరిక. నేను మాటిచ్చా. తేదీ చెప్పి మరీ ఇచ్చా.

ఒకే డబ్బాలో వచ్చే కిట్ తెప్పించా, ఫిట్టింగ్ అంతా మామూలుగానే అయింది. పాత 14 అంగుళాల చక్రం కాలిపర్‌కి (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) రాసుకుంటే 15 అంగుళాలవి తెప్పించాం, పైపులు కొత్తగా వంచి వేశాం, వాటిలో గాలి తీశాం, పెడల్ రాయిలా నిలబడింది. శుక్రవారం మధ్యాహ్నం నేనే ట్రయల్‌కి తీసుకెళ్ళా. విజయవాడ ఆటోనగర్‌లో నేను పని నేర్చుకున్న షెడ్డులో బ్రేకు పని చేసిన బండిని మేస్త్రి తానే నడిపి చూడకుండా తాళం ఇచ్చేవాడు కాదు, అది నాకు అప్పట్నుంచీ ఉన్న అలవాటు. నాలుగు మైళ్ళు హాయిగా వెళ్ళింది. ఏడో మైలులో సిగ్నల్ దగ్గర బ్రేకు వదిలినా బండి కదలడానికి బద్ధకిస్తోంది. తొమ్మిదో మైలుకి షెడ్డులోకి తెచ్చేసరికి కాలిన వాసన. థర్మామీటర్ గన్ పెడితే ముందు రెండు డిస్కులూ 340 ఫారెన్‌హీట్ దగ్గర, వెనక డ్రమ్ములు 110.

రెండు వైపులా ఒకేలా వేడెక్కిందంటే ఒక కాలిపర్ పట్టేసినట్టు కాదు, తప్పు పైనెక్కడో ఉంది. ముందు నన్ను నేనే అనుమానించుకున్నా. బూస్టర్‌కీ మాస్టర్‌కీ మధ్య తోసే కడ్డీ, అదే పుష్‌రాడ్, కొంచెం పొడుగైనా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ప్రెషర్ లోపలే ఉండిపోతుంది, అది చేసినవాడి తప్పే అవుతుంది. మాస్టర్ నట్లు రెండూ వదులు చేసి బూస్టర్ నుంచి అర అంగుళం ముందుకి లాగా. చక్రం తిప్పితే ఇంకా బిగుతుగానే ఉంది. అంటే పుష్‌రాడ్ కాదు. తర్వాత మాస్టర్ దగ్గర ముందు డిస్కులకి వెళ్ళే పైపు నట్టు వదిలా, బ్రేక్ ఆయిల్ చివ్వున చిమ్మింది, చక్రం చేత్తో తిప్పితే తిరిగేసింది. ముందు రబ్బరు హోసులు మూసుకుపోయి ఉంటే ఇక్కడ నట్టు వదిలినా చక్రం వదలదు. కాబట్టి తప్పు మాస్టర్ లోపలే.

అక్కడ ఏముంటుందో చెప్తా. డ్రమ్ము బ్రేకుల మాస్టర్‌లో పైపు తగిలే ఇత్తడి సీటు వెనక చిన్న రబ్బరు వాల్వు ఉంటుంది, పెడల్ వదిలాక కూడా లైన్లో 10 పీఎస్ఐ దాకా ప్రెషర్ నిలబెడుతుంది. వీల్ సిలిండర్ (డ్రమ్ములో షూలని తోసేది) రబ్బర్లు గోడకి ఆనుకుని ఉండాలని ఆ ఏర్పాటు. డ్రమ్ములో షూలని వెనక్కి లాగడానికి గట్టి స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఆ 10 ఏమీ చేయలేదు. డిస్కులో స్ప్రింగు లేదు. పిస్టన్ చుట్టూ ఉన్న సీలు కొంచెం మెలిపడి మళ్ళీ వెనక్కి వస్తుందే, ఆ కాస్త కదలికే ప్యాడ్‌ని వదిలిస్తుంది. 10 పీఎస్ఐ తోస్తూ ఉంటే ప్యాడ్ వదలదు, రాసుకుంటూ ఉంటుంది, వేడెక్కుతుంది. డబ్బా మీద డిస్కు, డ్రమ్ము అని అచ్చేసి లోపల రెండు వైపులా ఆ వాల్వున్న మాస్టర్ పెట్టి పంపించారన్నమాట.

ఇప్పుడు అసలు విషయం. ఆ వాల్వు తీసేయడం ఇరవై నిమిషాల పని. ఇత్తడి సీటులోకి స్క్రూ ఎక్కించి లాగితే సీటు వస్తుంది, వెనక రబ్బరు తీసేసి కొత్త సీటు కొట్టేయొచ్చు. పాత బండ్లు చేసేవాళ్ళందరికీ తెలిసిన పనే. శుక్రవారం సాయంత్రం ఆరున్నర, ఆదివారం పొద్దున్న గ్రాడ్యుయేషన్, స్క్రూ నా చేతిలో ఉంది. మా ఆవిడ అకౌంట్లు చూస్తూ అడిగింది, తీసేస్తే పనిచేస్తుందా చెయ్యదా అని. చేస్తుంది అన్నా. మరి ఇంకేంటి అంది. నా దగ్గర జవాబు లేదు. గంటసేపు ఆ మాస్టర్‌ని బెంచీ మీద పెట్టుకుని కూర్చున్నా.

పక్క రాక్‌లో ఇంకో బండి నుంచి తీసిన అసలు డిస్కు మాస్టరు ఉంటే తెచ్చి పక్కన పెట్టి మూతలు తీసి చూశా. దాంట్లో డిస్కులకి వెళ్ళే గది పెద్దది, రెండోది చిన్నది. ఈ కొత్తదాంట్లో రెండూ చిన్నవే. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ పిస్టన్లు బయటికి జరిగి అక్కడే ఉండిపోతాయి, వాటి వెనక ఖాళీ నింపడానికి బ్రేక్ ఆయిల్ కావాలి, అందుకే పెద్ద గది. నేను వాల్వు లాగేసి బండి ఇచ్చేస్తే ఆదివారం బాగుంటుంది, వచ్చే నెలా బాగుంటుంది, ప్యాడ్లు సగం దాటి అరిగాక, మధ్యలో ఎవరూ మూత తీసి చూడకపోతే, ఒకరోజు హైవే మీద ఆయిల్ అయిపోయి ఆ గది అడుగు కనిపిస్తుంది. అప్పుడు స్టీరింగ్ ముందు ఎవరుంటారో నాకు తెలుసు, పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. స్క్రూ డబ్బాలో వేసేసి అన్నయ్యకి ఫోన్ చేశా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత సరేలే అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. వాళ్ళబ్బాయి ఓడిస్సీ వ్యానులో వెళ్ళాడు గ్రాడ్యుయేషన్‌కి. ఆ ఫోటో చూశాక రెండు రోజులు నాకు షెడ్డులో పని మీద మనసు నిలవలేదు.

ఇక ఆ కిట్ కంపెనీ సంగతి. సోమవారం ఫోన్ చేస్తే పుష్‌రాడ్ అడ్జస్ట్‌మెంట్ తప్పుంటుంది చూసుకోండి అన్నారు. చూశాను, ఇలా ఇలా పరీక్ష చేశాను అని మొత్తం చెప్పా. రెండోసారి ఫోన్ చేస్తే అదే మాట, పైగా అర్హత ఉన్న మెకానిక్ చేత చేయించుకోండి అని సలహా. ఇరవై ఏడేళ్ళండీ నేను ఈ పని చేయబట్టి. లారీ డ్రమ్ములతో మొదలెట్టా, అంబాసిడర్లు ఎన్ని విప్పానో లెక్కలేదు, ఇక్కడికొచ్చి పరీక్షలు రాసి సర్టిఫికెట్లు గోడకి తగిలించుకున్నా. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది, దాచుకోను. మూడోసారి ఫోటోలు తీసి పంపితే అప్పుడు ఇంకోటి పంపిస్తాం అన్నారు, అది రావడానికి మూడు వారాలు పట్టింది. ఈసారి బిగించకముందే పేపర్ క్లిప్పు తిన్నగా చేసి పైపు బిగించే రంధ్రంలోకి దూర్చి చూశా. వాల్వు లేకపోతే తీగ నేరుగా లోపలికి పోవాలి. రబ్బరుకి తగిలి ఆగిపోయింది. అదే సరుకు మళ్ళీ పంపించారు. డబ్బులు వెనక్కి అడిగితే బ్రేక్ ఆయిల్ తగిలిన పార్టు తీసుకోం, ఇంకోదానికి ఇరవై శాతం కోత అన్నారు. నేను వెనక్కి పంపలేదు. రెండు మాస్టర్లూ కౌంటర్ మీదే ఉన్నాయి, వచ్చినవాళ్ళు ఎవరైనా చూడొచ్చు, మూత తీసి నేనే చూపిస్తా. మా ఆవిడ ఆ డబ్బులన్నా తెచ్చుకోవయ్యా అంటోంది. నేను తెచ్చుకోను.

చివరికి మాస్టరు వేరే చోట విడిగా కొన్నా, క్లిప్పుతో చూశా, గదులు చూశా, బిగించా. వేడికి గ్లేజు పట్టిన ప్యాడ్లు పారేసి కొత్తవి వేశా, ఉడికిన ఆయిల్ మొత్తం మార్చా, దానికి అన్నయ్య దగ్గర పైసా తీసుకోలేదు. ఇప్పటికి నలభై మైళ్ళు నడిపా, మధ్యలో ఆపి ఆపి చల్లారనిచ్చి ప్యాడ్లు కూర్చోబెట్టా. ఎడమా కుడీ సమానంగా ఉన్నాయి, బ్రేకు వదిలితే వదిలేస్తోంది.

అదే కిట్ ఉన్న ముగ్గురికీ: మీ బండ్లు ఇచ్చినప్పుడు నేనే ట్రయల్ చేశా, అప్పుడు ఏ ఇబ్బందీ లేదు, బాగానే ఉండొచ్చు, కానీ అప్పట్లో నేను మూత తీసి గదుల సైజు చూడలేదు. అది నా తప్పు, డబ్బా మీద రాసింది నమ్మా. వచ్చి చూపించండి, అరగంట పని, మాస్టరు తప్పుదని తేలితే నా ఖర్చుతో మారుస్తా. ఈలోపు పావుగంట నడిపాక దిగి ముందు చక్రాల దగ్గర వాసన చూడండి, చెయ్యి దగ్గరగా పెట్టండి, డిస్కుని మాత్రం ముట్టుకోవద్దు. ముందువి బాగా వేడిగా ఉండి వెనకవి చల్లగా ఉంటే, లేదా పోనుపోను పెడల్ పైకి వచ్చి గట్టిపడుతుంటే, బండి ఆపేసి ఫోన్ చేయండి, టో ట్రక్కు నేను పంపిస్తా. ఇన్‌స్పెక్షన్‌లో ఎలాగూ చూస్తారు కదా అనుకోకండి, టెక్సస్‌లో సొంత బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి నుంచి లేదు.

ఇకనుంచి డిస్కు మార్పిడికి ఒకే డబ్బాలో వచ్చే కిట్ వాడను. మీరు కొని తెచ్చినా వేయను, ఎంత పాత కస్టమరైనా సరే, దయచేసి బలవంతపెట్టకండి. మాస్టరు, ముందూ వెనకా ప్రెషర్ పంచే వాల్వు, కాలిపర్లు, హోసులు విడివిడిగా తెప్పించి బెంచీ మీద చూసుకున్నాకే మీ బండి విప్పుతా. దీనివల్ల పార్టుల ఖర్చు మూడొందల డాలర్ల దాకా పెరుగుతుంది, లేబర్ మాత్రం పాతదే. పార్టులన్నీ చేతికొచ్చేదాకా తేదీ కూడా చెప్పను. కామ్రీలు, ఓడిస్సీలు, మామూలు సర్వీసులు ఎప్పటిలాగే జరుగుతాయి, వాటికీ దీనికీ సంబంధం లేదు.

శనివారాలు రెండింటి దాకా ఉండేవాడిని, ఈ నెలంతా ఆరింటి దాకా ఉంటా, ఆ మూడు బండ్ల కోసమే. షెవెల్ వచ్చే ఆదివారం వెళ్తుంది. అన్నయ్య వాళ్ళబ్బాయిని కూడా తీసుకురమ్మన్నా, తాళం ఇచ్చేముందు మాస్టర్ మూత తీసి ఆయిల్ ఎక్కడిదాకా ఉండాలో ఆ కుర్రాడికి చూపించాలి.