చైను ఏ పక్కకి పడుతోంది?

చిన్నమ్మడూ,

మెట్రో దిగి సైకిల్ విప్పేసరికి చైను వేలాడుతోందని, చున్నీ నిండా నల్లమరకలని రాశావు. మరకకి గిన్నెలు తోమే సబ్బు రాసి రుద్దమంటోంది అమ్మ. చైను సంగతి నేను చెబుతా.

మన తెనాలి షాపులో అద్దెకిచ్చిన నల్ల సైకిళ్లకి చైను ఎక్కే పళ్లచక్రం ముందొకటి, వెనకొకటి. చైను తిన్నగా, బిగువుగా ఉండేది. నీ మడత సైకిలుకి ముందు ఒకటే, వెనక ఏడు. గేరు మారితే చైను పక్కకి వాలుతుంది. మడత సైకిలు పొట్టిది గనక వాలు ఇంకా ఎక్కువ. ముందు రెండు మూడు పళ్లచక్రాలుంటే అక్కడ గేరు మార్చే చట్రమే చైనుకి కాపలా. నీకా కాపలా లేదు.

ఫ్రేము వైపు పడితే సీటు గొట్టానికి బిగించే చైన్ క్యాచర్ కొను, చైను లోపలికి పడకుండా ఆపుతుంది. మడత సైకిళ్ల గొట్టం లావుగా ఉంటుంది, కొలిచి మరీ కొను. బయటికి పడితే గార్డు రేకు చాలు. ఒక పన్ను లావు, ఒక పన్ను సన్నం ఉండి చైనుని పట్టి ఉంచే పళ్లచక్రాలూ వస్తున్నాయి గానీ, వాటికి పళ్లు సరిసంఖ్యలో ఉండాలి. 52 అయితే కుదురుతుంది, 53 కుదరదు.

నా అనుమానమంతా నువ్వు సైకిల్ని లాక్కెళ్లే పద్ధతి మీదే. మడిచాక వెనక్కి దొర్లిస్తున్నావా? వెనక చక్రం వెనక్కి తిరిగితే ఫ్రీవీల్ పట్టుకుని పెడళ్లనీ వెనక్కి తిప్పుతుంది. పెడల్ దేనికైనా అడ్డుపడిందా, పైచైను వదులై పళ్ల మీంచి జారుతుంది. అందుకే చైను తిన్నగా ఉండే నడిమి గేరులో పెట్టి మడువు, ముందుకే తొయ్యి.

చైను అరిగిందేమో కూడా చూడు. స్టీలు స్కేలు సున్నా చైను లింకుల్ని కలిపే ఒక పిన్ను మధ్యలో పెడితే, 12 అంగుళాల దగ్గర సరిగ్గా ఇంకో పిన్ను మధ్య రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటిందంటే కొత్తది వేయించు.

వదులుగా ఉందని లింకులు మాత్రం కోయించకు. నేనొకసారి ఒక కుర్రాడి గేరు సైకిలుకి నాలుగు లింకులు ఎక్కువ తీసేశా. వెనక పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కించగానే చైను వీణ తీగలా బిగిసి, వెనక గేరు మార్చే చెయ్యి వంగిపోయింది. ఆ రోజు అద్దె డబ్బులన్నీ దానికే పోయాయి. మీ అమ్మకి ఇప్పటికీ తెలీదు.

ఆదివారం ఎవరినైనా సైకిలు ఎత్తి పట్టుకోమని, వెనక నుంచి వీడియో తీసి పంపు. పెడల్ ముందుకొకసారి, వెనక్కొకసారి తిప్పు.

మీ నాన్న