పోస్టింగ్ మీద ఉన్న అమ్ములుకి

అమ్ములూ,

ఫోన్‌లో నీ మాటలన్నీ ఆ కదలని ఫైలు చుట్టూనే తిరుగుతున్నాయి, నాకు సందివ్వడం లేదు. అందుకే ఉత్తరం రాస్తున్నా.

నీకు బుస్బెక్ అనే పాతకాలపు రాయబారి సంగతి చెప్పాలి. 1522లో ఫ్లాండర్స్‌లో, అంటే ఇప్పటి బెల్జియం ప్రాంతంలో పుట్టాడు. తండ్రి చిన్న జమీందారు, తల్లి ఆయన పెళ్లాడిన మనిషి కాదు. కొడుకుగా చట్టం ఒప్పుకున్నది తర్వాతే. బాగా చదువుకుని ఆస్ట్రియా ఏలే ఫెర్డినాండ్ రాజు కొలువులో చేరాడు. హంగరీ కోసం రాజుకూ, తురుష్క సుల్తాను సులేమాన్‌కూ తగవు. 1554లో ఈయన్ని రాయబారిగా పంపారు. అంతకు ముందు వెళ్లిన రాయబారి జైలుపాలై, జబ్బుతో తిరిగొచ్చాడు. బుస్బెక్ ఆయన్ని చూసి, మాట్లాడి మరీ బయల్దేరాడు. ఏం ధైర్యమో!

సుల్తాను టర్కీలో లోపలెక్కడో ఉన్న అమాస్య ఊళ్లో ఉన్నాడంటే అంతదూరమూ వెళ్లాడు. దక్కింది ఆరు నెలల సంధి. రెండోసారి వెళ్తే ఇస్తాంబుల్‌లో ఇంటి చుట్టూ కాపలా పెట్టి ఏళ్ల తరబడి కూర్చోబెట్టారు. వెంట వచ్చిన వైద్యుడు ప్లేగుతో పోయాడు. ఎనిమిదేళ్ల సంధి 1562లో గానీ కుదరలేదు.

మరి అన్నాళ్లూ ఏం చేశాడు? ఇంటినిండా కోతులు, ఎలుగుబంట్లు, జింకలు పెంచాడు. అక్కడ పదవులు వంశాన్ని బట్టి కాక పనితనాన్ని బట్టి వస్తాయని స్నేహితుడికి రాశాడు. తన పుట్టుక సంగతి మనసులో మెదిలే ఉంటుంది, ఇది నా ఊహే అనుకో. అమాస్య దారిలో అంకారాలో పాత గుడి గోడ మీద రోమన్ చక్రవర్తి అగస్టస్ శాసనం కనిపిస్తే నకలు తీయించాడు. ట్యూలిప్ పూలు యూరప్‌కు చేర్చింది ఈయనేనని అంటారు గానీ, నాకైతే ఆయన తెచ్చిన దాదాపు 240 గ్రీకు రాతప్రతులే గొప్ప.

ఒక్కటి మాత్రం తేలేకపోయాడు. డయాస్కరిడీస్ అనే పాత గ్రీకు వైద్యుడి మూలికల గ్రంథానికి ఆరో శతాబ్దం నాటి రాతప్రతి, నిండా మొక్కల బొమ్మలు. అడిగిన ధర నూరు డుకాట్లు, అంటే బంగారు నాణేలు. అది చక్రవర్తి (అప్పటికి ఫెర్డినాండే చక్రవర్తి) ఇచ్చుకోగల సొమ్మేగానీ తన వల్ల కాదన్నాడు. కొనమని పైవాళ్లను పోరుతూనే ఉన్నాడు. చివరికి 1569లో కొన్నారు, ఇప్పుడు వియన్నాలో ఉంది. ఆ ఫైలూ ఏళ్లు పట్టిందే!

పండక్కి వచ్చినప్పుడు, మీ మండలంలో ఏదో గుడి గోడ మీద శాసనం ఉందన్నావే, దాని ఫోటోలు తీసుకురా. అక్షరాలు కనిపించేలా తియ్యి, పక్కన నీ సెల్ఫీ అక్కర్లేదు.

ఆశీస్సులతో,
అమ్మ