సిల్వర్‌కు కర్రకాలు ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో పిల్లల సాహస కథల పుస్తకాల అట్టల మీద వేసిన పేజీ గురించి ఈ ఉత్తరం. ఆలస్యమైన మాట నిజమే. తప్పు ఎవరో ఒకరు పట్టుకుని రాస్తారని పోయిన ఆదివారం దాకా చూశాను. ఎవరూ రాయలేదు. మన పాఠకులకూ పట్టలేదన్నమాట.

'ట్రెజర్ ఐలండ్' అట్టలు నాలుగు పక్కపక్కన వేశారు. అందులో మూడింటి మీద ఆ కథలోని ఓడదొంగ లాంగ్ జాన్ సిల్వర్‌కు మోకాలి కింద కర్రకాలు ఉంది. ఒకాయనైతే కంటికి నల్లగుడ్డ కూడా కట్టాడు. కింద మీరేమో ఈ బొమ్మలు పాత్రకు ప్రాణం పోశాయని మురిసిపోయారు. అయ్యా, 1883లో అచ్చయిన స్టీవెన్సన్ పుస్తకంలో సిల్వర్‌కు కర్రకాలు లేదు. ఎడమకాలు తొడ మొదలు దాకా తీసేశారు. ఎడమ చంకలో చంకకర్ర పెట్టుకుని పిట్టలా గెంతుతూ తిరుగుతాడు. కళ్లు రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఇదేం చిన్న విషయం కాదు. తన మాట వినని నావికుడొకడు వెళ్లిపోతుంటే సిల్వర్ అదే చంకకర్రను వాడి వీపు మీదికి విసిరి కూల్చేస్తాడు. కర్రకాలు తగిలిస్తే ఆ సీను ఏం కావాలి? కాలు ఊడబీకి విసరాలా?

ముఖం సంగతి ఇంకా అన్యాయం. సిల్వర్‌ది పెద్ద ముఖం, తెలివైన నవ్వు ముఖం. ఒంటికాలి నావికుడి గురించి భయపెట్టే మాటలు విని, పీడకలలు కన్న కథానాయకుడైన కుర్రాడు జిమ్ కూడా అతన్ని చూసి, ఇంత శుభ్రంగా, కలుపుగోలుగా ఉన్నవాడు దొంగ ఎలా అవుతాడనుకుంటాడు. కథ మొత్తం ఆ మోసం మీదే నడుస్తుంది. అట్ట మీదే పళ్లు కొరికే రాక్షసుణ్ణి వేస్తే ఇంక దాచడానికేముంది? మా మనవడు పుస్తకం తెరవకముందే "తాతయ్యా, వీడేగా విలన్?" అన్నాడు. సగం కథ అక్కడే అయిపోయింది.

1911లో న్యూయార్క్‌లో స్క్రిబ్నర్స్ వాళ్లు వేసిన ప్రతికి ఎన్.సి. వైయెత్ బొమ్మలు వేశాడు. మీ పేజీలో ఆయన పేరే లేదు. వెన్నెల రాత్రి దారిలో కర్రతో తడుముకుంటూ వచ్చే 'ప్యూ' అనే గుడ్డి ఓడదొంగ బొమ్మ చూడండి, చేతిలో కత్తి లేకపోయినా ఒళ్లు జలదరిస్తుంది. ఓడ వంటగదిలో జిమ్‌తో కబుర్లు చెప్పే సిల్వర్‌ను చూస్తే మనమూ నమ్మేస్తాం. ఆ బొమ్మలకు వచ్చిన డబ్బుతో వైయెత్ అమెరికాలోని చాడ్స్ ఫోర్డ్‌లో స్థలం కొని ఇల్లు, స్టూడియో కట్టుకున్నాడు. ఇప్పుడు మన దగ్గర అట్టబొమ్మ డబ్బుతో ఇంటి అద్దె కట్టగలిగినవాళ్లుంటే వాళ్ల అడ్రస్ వేయండి, దండం పెట్టి వస్తాను.

ఈమధ్య పుస్తకాల ఎగ్జిబిషన్‌లో కొన్న కొత్త ప్రతి మీద జిమ్ చేతికి ఆరు వేళ్లున్నాయి. లోపల 'ముఖచిత్రం: ఇంటర్నెట్' అని వేశారు. ఇంటర్నెట్ గారికి పారితోషికం ఎంత ఇచ్చారో అడుగుదామంటే స్టాల్‌లో కుర్రాడు ఫోన్‌లోంచి తలెత్తలేదు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే చిరుగుల పుస్తకాలే నయం, వాటిలో వేళ్లయినా సరిగ్గా ఐదుంటాయి. ఎనిడ్ బ్లైటన్ రాసిన పిల్లల సాహస కథలు 'ఫేమస్ ఫైవ్' 21 పుస్తకాలకూ మొదట ఐలీన్ సోపర్ ఒక్కరే బొమ్మలు వేశారు. ఆవిడ పేరు ఎంతమంది విన్నారు?

పాత అట్టలతో పోల్చి చూద్దామని మా వీధి గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడ పోల్చడానికి అట్టలేవీ? పుస్తకం రాగానే అట్ట చింపి పారేసి, దళసరి అట్టలతో బైండు చేయించి, వెనక నంబరు రాస్తారు. అన్ని పుస్తకాలకూ ఒకటే మొహం. కథల పుస్తకమేదో లెక్కల పుస్తకమేదో తెరిస్తేగానీ తెలియదు. ఇంటిపన్నుతో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థలకు సరిగా చేరడం లేదన్న వార్త మీరే ఏడాదికోసారి వేస్తారు, మళ్లీ మరిచిపోతారు. పిల్లల సెక్షన్‌లో పాత కుర్చీలు పేర్చారు. అడిగితే "పిల్లలెవరూ రావట్లేదు సార్" అన్నారు. కుర్చీల మీద ఎక్కి చదవాలా పిల్లలు?

అన్ని విదేశీ అట్టలు వేశారు, చందమామలో బొమ్మలు వేసిన 'చిత్ర' గారు గుర్తు రాలేదా? దాసరి సుబ్రహ్మణ్యం గారి 'శిథిలాలయం' సీరియల్‌లో శిఖిముఖి, 'చిత్ర' గారు గీసినట్టే ఇప్పటికీ నా కళ్లకు కనిపిస్తాడు. రాసినవారి పేరు చెప్పి, గీసినవారి పేరు మింగేసే అలవాటు ప్రచురణకర్తలదే అనుకున్నాను, మీరూ ఆ దారే పట్టారు.

వచ్చే ఆదివారం సవరణ వేయండి. బొమ్మ తపాలా బిళ్లంత ఉన్నా చాలు, గీసినవారి పేరు కింద ఉండాలి. సిల్వర్‌ను మళ్లీ వేసేటట్టయితే దయచేసి ఆ కాలు తీసేయండి.

ఇట్లు,
రిటైరైన ఒక డ్రాయింగ్ మాస్టారు,
బర్కత్‌పుర, హైదరాబాద్